మూత్రం ఎవరిదో అడగని పరీక్ష

“యూరిన్ టెస్టులో అల్బుమిన్ నిల్ వచ్చింది, కిడ్నీలకు ఏ ఢోకా లేదు.” పల్లెలో వైద్యశిబిరం మొదలుకొని నగరంలో మాస్టర్ హెల్త్ చెకప్ దాకా ఈ మాట వినపడని చోటు లేదు. దీనికి జంటగా ఇంకో మాట తిరుగుతుంటుంది: “ప్లస్ వచ్చిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే.” చదువుకున్నవాళ్లు, చదువు లేనివాళ్లు, ల్యాబ్ నడిపేవాళ్లు, కొందరు డాక్టర్లు సైతం ఈ రెండింటినీ నిజమనే నమ్ముతున్నారు. రెండూ తప్పే. అందులో మొదటిది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

రిపోర్టులో కనిపించే ఆ అంకెను కిడ్నీ ఒక్కటే తయారుచేయదు. మనిషి వయసు, ఆడా మగా, ఒంట్లో కండ ఎంత, ఆ రోజు తాగిన నీళ్లెన్ని, ముందురోజు చేసిన పనేమిటి, జ్వరం ఉందా, నెలసరి రోజులా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ ఊరివాళ్లు, ఇవన్నీ ఆ అంకెలో ఉంటాయి. వీటిలో చాలావాటిని అడగకుండా చేతిలో పెట్టే కాగితాన్ని కిడ్నీ మీద తీర్పుగా చదువుతున్నాం. మామూలుగా ల్యాబ్ ఫారంలో పేరు, వయసు, లింగం ఉంటాయి. ఫలితం వేసేటప్పుడు ఆ వయసునూ లింగాన్నీ కూడా పట్టించుకోరు. అందరికీ ఒకే గీత.

ముందు స్ట్రిప్ సంగతి చూద్దాం, ఎక్కువమందికి జరిగేది అదే కాబట్టి. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద చిన్న పసుప్పచ్చ గడి ఉంటుంది. అందులో టెట్రాబ్రోమోఫినాల్ బ్లూ అనే రంగుమందు. అల్బుమిన్ అనే ప్రోటీన్ తగిలితే ఆ పసుపు మెల్లగా ఆకుపచ్చకు, ఇంకా ఎక్కువైతే నీలం కలిసిన పచ్చకు తిరుగుతుంది. మూత్రంలో ముంచి తీసి, నిమిషం ఆగి, సీసా మీద అచ్చువేసిన రంగులతో పోల్చి నిల్ అనో, ట్రేస్ అనో, ఒక ప్లస్ అనో రాస్తారు. ఒక ప్లస్ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు. ఆ పట్టీకి తెలిసేది ఆ మూత్రంలో అల్బుమిన్ ఎంత చిక్కగా ఉందన్నదే. రోజు మొత్తం మీద ఎంత అల్బుమిన్ పోతోందో దానికి తెలియదు.

ఒక మనిషి కిడ్నీల నుంచి రోజుకు 100 మిల్లీగ్రాముల అల్బుమిన్ జారుతోందనుకుందాం. 30 దాటకూడదన్నది లెక్క కాబట్టి ఇది మూడు రెట్లకు పైమాటే. మే నెల ఎండలో పనిచేసి, నీళ్లు చాలక రోజంతటికీ అర లీటరు మూత్రమే వచ్చిందంటే డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములు తేలుతుంది, స్ట్రిప్ మీద ట్రేస్ కనిపిస్తుంది. అదే మనిషి నీళ్లు బాగా తాగి మూడు లీటర్లు పోసిన రోజున డెసిలీటరుకు మూడున్నర కూడా ఉండదు, నిల్. కిడ్నీ అదే, జబ్బూ అదే. శిబిరాల్లో ఏం చేస్తారో చూసినవాళ్లకు తెలుసు. శాంపిల్ రావడం లేదంటే రెండు సీసాల నీళ్లు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ పంపుతారు. ఉన్న జబ్బును అక్కడే నీళ్లలో కలిపేస్తున్నారన్నమాట. దీనికి పూర్తిగా ఎదురుదిక్కున ఇంకొకటి ఉంది. మూత్రంలో మంటకు ఆల్కలైజర్ సిరప్ తాగుతున్న మనిషికి మూత్రం బాగా క్షారంగా మారితే, అల్బుమిన్ లేకపోయినా గడి పచ్చబడుతుంది.

చాలా ల్యాబుల్లో “మైక్రో అల్బుమిన్” అనే పరీక్ష వేరుగా దొరుకుతుంది. దానికి డబ్బు ఎక్కువ, పేరు పెద్దది. కండలో పుట్టి మూత్రంలో పోయే వ్యర్థమైన క్రియాటినిన్‌తో భాగించకుండా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే ఇస్తే, సున్నితత్వం పెరిగినా స్ట్రిప్‌కున్న నీళ్ల లోపం దానికీ ఉన్నట్టే. షుగర్ రోగులు ఏటా చేయించుకుంటున్నది చాలాచోట్ల ఇదే కావడం బాధ కలిగిస్తుంది.

“అందుకేగా ఏసీఆర్ వచ్చింది” అంటారు తెలిసినవాళ్లు. నిజమే, అల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో భాగించే ఆ నిష్పత్తి గొప్ప ముందడుగు. 24 గంటల మూత్రం డబ్బాలో పట్టే అవస్థ లేకుండా ఒక్క శాంపిల్‌తో ప్రోటీన్ నష్టాన్ని అంచనా వేయొచ్చని 1983లో జిన్స్‌బర్గ్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చూపించింది. క్రియాటినిన్ రోజంతా దాదాపు ఒకే వేగంతో మూత్రంలోకి వస్తుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ పలచబడతాయి, తక్కువైతే రెండూ చిక్కబడతాయి. భాగిస్తే నీళ్ల ప్రభావం కొట్టుకుపోతుంది. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ ఆ తర్వాతి మాటతోనే: “గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపైతే నార్మల్, ఎవరికైనా.” ఆ లెక్క కింద ఒక ఊహ దాగి ఉంది. ప్రతి మనిషీ రోజుకు ఇంచుమించు ఒక గ్రాము క్రియాటినిన్ విసర్జిస్తాడన్నదే ఆ ఊహ. క్రియాటినిన్ పుట్టేది కండలో. పెద్ద వయసు రాని మగవాళ్లలో కిలో బరువుకు రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు, ఆడవాళ్లలో 15 నుంచి 20. వయసు మీదపడేకొద్దీ కండ కరిగి అది ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన పెట్టండి. ఒకామె డెబ్బయ్యేళ్ల అవ్వ, బరువు 40 కిలోలు. రోజుకు 600 మిల్లీగ్రాముల క్రియాటినిన్, 24 మిల్లీగ్రాముల అల్బుమిన్ పోతున్నాయి. 24 అంటే హద్దులోపలే. కానీ భాగిస్తే ఏసీఆర్ 40 వస్తుంది, రిపోర్టులో ఎర్రగా “హై” అని పడుతుంది. రెండో మనిషి ముప్పయ్యేళ్లవాడు, 85 కిలోలు, జిమ్‌కు వెళ్లి ఒళ్లు పెంచినవాడు. రోజుకు రెండు గ్రాముల క్రియాటినిన్, 50 మిల్లీగ్రాముల అల్బుమిన్ పోతున్నాయి. ఏసీఆర్ 25, అంటే నార్మల్. అవ్వకన్నా రెట్టింపు అల్బుమిన్ పోగొట్టుకుంటున్న కుర్రాడు నిశ్చింతగా ఇంటికి వెళ్తాడు. అవ్వ పేరు కిడ్నీ రోగుల పట్టీలోకి ఎక్కుతుంది. పక్షవాతంతో మంచం పట్టి కండ తరిగినవాళ్లకు, కాలు తీసేసినవాళ్లకు, లివర్ జబ్బు ముదిరినవాళ్లకు ఈ తేడా ఇంకా పెద్దది.

ఈ లోపం నేను కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో షుగర్ రోగులకు చాలాకాలం మగవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 3.5 అని వాళ్ల కొలమానంలో (మిల్లీమోలుకు మిల్లీగ్రాములు) వేర్వేరు ఏసీఆర్ గీతలు ఉండేవి. 2014లో అక్కడి నైస్ సంస్థ మార్గదర్శకాలు రెండింటినీ కలిపి 3 చేశాయి. ప్రపంచమంతా అనుసరించే కెడిగో మార్గదర్శకాలూ 30 అనే ఒకే గీతను తీసుకున్నాయి. అందులో సౌలభ్యం ఉంది, కాదనను. లక్షలమందిని వడపోయడానికి ఒకే అంకె కావాలి. అయితే అదే కెడిగో పత్రం నెలసరి, వ్యాయామం, ఇన్ఫెక్షన్, లింగం, బరువు ఆ అంకెను ఎలా జరుపుతాయో పట్టికగా వేసి మరీ హెచ్చరించింది. మనవాళ్లు గీతను దిగుమతి చేసుకుని హెచ్చరికను వదిలేశారు.

ఇక్కడ ఒక ఎదురువాదాన్ని నిజాయితీగా తీసుకోవాలి. కండ తక్కువుండి ఏసీఆర్ పెరిగినా దాన్ని తోసిపుచ్చకూడదు, కండ తరిగిపోవడమే ఒక ప్రమాద సూచన కదా అంటారు. ఒప్పుకుంటాను. 2010లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ పది లక్షలమందికి పైగా మనుషుల వివరాలు చూసి, ఏసీఆర్ 30 చేరకముందే, 10 దగ్గరే మరణ ప్రమాదం కాస్త పెరగడం మొదలవుతుందని చూపించింది. ఆ మాట నా వాదానికే బలం. ప్రమాదం మెట్టులా 30 దగ్గర మొదలవదు, ఏటవాలుగా పెరుగుతూ పోతుంది. అలాంటప్పుడు 29ని “నార్మల్” అనీ 31ని “జబ్బు” అనీ ముద్రవేయడం ఏ శాస్త్రం?

ఇంతకన్నా పెద్ద విషయం ఉద్దానం ప్రాంతానిది. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడితోటల పచ్చదనంలో ఉన్న ఊళ్లు. అక్కడ జరిగిన సర్వేల్లో పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరి దాకా కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో చాలామందికి షుగర్ లేదు, పెద్ద బీపీ లేదు. ఈ వ్యాసానికి ముఖ్యమైన సంగతి మరొకటి: చాలామందికి మూత్రంలో ప్రోటీన్ లేదు, ఉన్నా అంతంతమాత్రం. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతుల్లో, నికరాగ్వా, ఎల్ సాల్వడోర్ చెరకు తోటల కూలీల్లో కనిపిస్తున్న జబ్బు తీరూ ఇదే. దీనికి మూలకారణం మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కానీ కిడ్నీలో ఏ భాగం చెడుతుందన్నది బయాప్సీల్లో తేలింది.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడలు ఒక భాగం. ఆ వడకట్టిన నీటిలోంచి ఒంటికి కావాల్సింది వెనక్కి లాగే సన్నటి గొట్టాలు మరో భాగం. షుగర్ ముందుగా జల్లెడను చెడగొడుతుంది, అందుకని అల్బుమిన్ కారుతుంది, స్ట్రిప్ పచ్చబడుతుంది. ఉద్దానం జబ్బు గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ తింటుంది. అప్పుడు మూత్రంలోకి వచ్చేవి బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రోటీన్లు. స్ట్రిప్ వాటిని గుర్తించదు. ఏసీఆర్ యంత్రం వాటికోసం వెతకనే వెతకదు. జల్లెడలు కూడా పోయి ప్లస్ కనిపించేసరికి కిడ్నీ చాలామటుకు అయిపోయి ఉంటుంది. ఉద్దానంలో జబ్బు లెక్క తేలడానికి రక్తంలో క్రియాటినిన్ పరీక్షే ఆధారమైంది. మూత్రం స్ట్రిప్‌ను నమ్ముకుని ఉంటే ఆ ఊళ్లను ఆరోగ్యవంతమైన ఊళ్లని రాసుకునేవాళ్లం.

ఆ ఊళ్ల నుంచి బతుకుతెరువుకు విశాఖకో, హైదరాబాద్‌కో, ఇంకా దూరానికో వలసపోయిన మనిషి అక్కడి ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చాడనుకోండి. ఫారంలో సొంత ఊరు అడిగే గడి లేదు. ఎండలో పనిచేస్తావా అని అడిగే గడి లేదు. నిల్ అని రాసిచ్చి పంపుతారు. ఆ రెండక్షరాల మీద భరోసా పెట్టుకుని అతను ఒంటినొప్పులకు మందుల షాపులో పెయిన్ కిల్లర్ కొనుక్కుని మింగుతాడు. మిగిలిన కాస్త కిడ్నీని అది తీసుకుపోతుంది. “నిల్ వస్తే ఢోకా లేదు” అన్న నమ్మకం మీద నాకున్న కోపమంతా ఇక్కడిదే.

సరే, ఉద్దానం ప్రత్యేకం, మామూలు షుగర్ రోగులకైనా ఈ నమ్మకం చెల్లుతుందిగా అంటారా? అక్కడా చెల్లదు. బ్రిటన్‌లో టైప్-2 షుగర్ రోగులను ఏళ్లతరబడి వెంబడించిన యూకేపీడీఎస్ అధ్యయనం 2006లో తేల్చిందేమిటంటే, కిడ్నీ పనితీరు దెబ్బతిన్నవాళ్లలో సగంమందికి అంతకుముందు అల్బుమిన్ కనబడనే లేదు. దీనికి తోడు మనవాళ్లలో చాలామంది బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడుతుంటారు. అవి అల్బుమిన్ కారడాన్ని తగ్గిస్తాయి, ఇవ్వడమే కొంత అందుకు. ఆ తగ్గిన అంకె చూసి “నార్మల్ వచ్చింది, ఇక మాత్ర ఎందుకు” అని మానేసినవాళ్లను ప్రతి ఊళ్లోనూ చూపించగలరు. ఇంకొందరు పెద్దవాళ్లకు నడుంనొప్పి, రక్తహీనత ఉండి, స్ట్రిప్ మీద ఏమీ రాదు. అదే మూత్రంలో సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం వేస్తే తెల్లగా విరుగుతుంది. మైలోమా అనే రక్త క్యాన్సర్ వదిలే ప్రోటీన్ అది, స్ట్రిప్ కంటికి ఆనదు. 1827లో లండన్ గైస్ ఆసుపత్రి డాక్టర్ రిచర్డ్ బ్రైట్ చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద వేడిచేసి విరుగుతుందేమో చూసేవాడు. ఆ పాత పద్ధతి అల్బుమిన్ ఒక్కదానికే పరిమితం కాదు. వేగం కోసం స్ట్రిప్‌కు మారాం, సబబే. స్ట్రిప్ ఏం చూడలేదో కూడా నేర్చుకుని ఉండాల్సింది.

రక్తపరీక్షకు మాత్రం కండతో పని లేదా? ఉంది. రిపోర్టులో క్రియాటినిన్ 0.6 నుంచి 1.2 వరకు నార్మల్ అని అచ్చువేస్తారు. పాతికేళ్ల మగవాడికి 1.2 ఉంటే వయసూ లింగమూ కలిపి లెక్కకట్టే 2021 సీకేడీ-ఎపి సూత్రం ప్రకారం కిడ్నీ పనితీరు (ఈజీఎఫ్ఆర్) 86 చిల్లర. అరవయ్యేళ్ల ఆడమనిషికి అదే 1.2 ఉంటే 52. మొదటివాడిని ఇంటికి పంపొచ్చు, రెండో ఆమెను కిడ్నీ డాక్టరుకు చూపించాలి. కాగితం మీద ఇద్దరిదీ ఒకే అంకె, ఇద్దరికీ నార్మల్.

ఇక “ప్లస్ వస్తే కిడ్నీ పోయినట్టే” అన్న భయం. జ్వరంలో ప్లస్ వస్తుంది. పొద్దున్నే ఐదారు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి శాంపిల్ ఇస్తే వస్తుంది. నెలసరి రోజుల్లో ఇస్తే రక్తం కలిసి వస్తుంది. ఎదిగే వయసు పిల్లల్లో కొందరికి నిలబడి తిరిగినంతసేపూ ప్రోటీన్ పోతుంది, రాత్రి పడుకోబోయే ముందు మూత్రం పోసి, పొద్దున లేవగానే పట్టిన మూత్రంలో చూస్తే ఏమీ ఉండదు. అది జబ్బు కాదు. కొత్త రకం షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ల మూత్రంలో చక్కెరకు ప్లస్‌లు రావడం మామూలే, ఆ మాత్ర పనిచేసే తీరే అది. వీటిలో ఏ ఒక్కటీ అడగకుండా రిపోర్టు చేతిలో పెట్టి, పెళ్లి కావాల్సిన అమ్మాయి ఇంట్లో ఏడుపులు పెట్టించిన ల్యాబులు ఉన్నాయి.

పరీక్షకు ముందు 24 గంటలు శ్రమ చేయొద్దన్న సూచన పుస్తకాల్లో ఉంది. అది ఎవరికోసం రాసిన సూచన? వ్యాయామం ఇష్టమైతే చేసి, లేకపోతే మానుకునే మనిషి కోసం. కొబ్బరిచెట్లెక్కే మనిషికి, ఉపాధి హామీ పనిలో మట్టి మోసే మనిషికి ఒకరోజు శ్రమ మానడమంటే ఆ రోజు కూలి వదులుకోవడం. ఆ డబ్బు ఎవరిస్తారు? అందుకని పొద్దున లేచీ లేవగానే, పనికి పోకముందు పట్టిన తొలి మూత్రం తీసుకోవాలి. మార్గదర్శకాలు మెచ్చేదీ అదే. డబ్బా ముందురోజే ఇంటికి ఇచ్చి పంపడం ఏ ఆశా కార్యకర్తకైనా సాధ్యమయ్యే పని. మధ్యాహ్నం పన్నెండింటికి పొలం నుంచి పిలిపించి, చెమటతో ఉన్న మనిషి చేతికి డబ్బా ఇవ్వడం మన సౌకర్యం కోసం చేస్తున్నది.

ఇవన్నీ చెబితే వచ్చే మొదటి జవాబు ఖర్చు. పేద దేశం, కోట్లమంది, ఎక్కడి నుంచి తెస్తాం? నేను అడుగుతున్న వాటిలో ఎక్కువ వాటికి కాగితం మీద సిరా తప్ప ఖర్చు లేదు. బరువు, చేసే పని, సొంత ఊరు, జ్వరం, నెలసరి, వాడే మాత్రలు, శాంపిల్ పట్టిన వేళ. ఏడు గడులు. చాలా స్ట్రిప్‌ల మీద ఉండే, మూత్రం చిక్కదనం చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ గడిని కూడా చదివి, మూత్రం నీళ్లలా ఉంటే “ఈ నిల్‌ను నమ్మలేం” అని రాయడానికి అదనపు పైసా అక్కర్లేదు. నలభై దాటినవాళ్లకు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, ఉద్దానం లాంటి చోట్ల పుట్టి పెరిగినవాళ్లకు మూత్రంతో పాటు రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసూ లింగమూ కలిపి లెక్క కట్టడానికి కొంత ఖర్చవుతుంది. వారానికి రెండుమూడు డయాలసిస్‌లకు ప్రభుత్వమూ కుటుంబమూ పెట్టే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

రెండో జవాబు: డాక్టర్లకు ఇవన్నీ తెలుసు, వాళ్లు చూసుకుంటారు. తెలుసు. కానీ ఔట్‌పేషెంట్ల వరుస గుమ్మం దాటి బయటికి సాగుతున్నప్పుడు డాక్టరు చూసేది కాగితం. కాగితం అడగని ప్రశ్న డాక్టరూ అడగడు. పైగా ఎంతమంది ఆ కాగితాన్ని డాక్టరు దాకా తీసుకెళ్తున్నారు? నార్మల్ అని ఉంటే బీరువాలో పెట్టేస్తున్నారు.

ఒక్క శాంపిల్‌తో తేల్చకూడదన్నది కూడా డాక్టర్లకు తెలిసిన సంగతే. తేడా మూడు నెలలకు పైగా నిలబడితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలన్నది నిర్వచనం. ఒకే మనిషి ఏసీఆర్ ఒక వారం నుంచి ఇంకో వారానికి చాలా ఊగుతుంది. రెట్టింపైతే తప్ప ఆ మార్పును పట్టించుకోనక్కర్లేదని 2024 కెడిగో పత్రమే అంటోంది. అయినా గత ఏడాది 18, ఈ ఏడాది 26 అని చూపించి “పెరిగిపోతోంది” అని మందులు మార్చేస్తున్నారు.

చివరి జవాబు నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. “ఇంత వివరం చెబితే జనానికి అర్థం కాదు, గందరగోళపడతారు, నిల్ అనో ప్లస్ అనో చెప్పేస్తే సరిపోతుంది.” ఉద్దానం ఊళ్లలో ఏ అరుగు మీదైనా కూర్చుని వినండి. బడి మొహం చూడని మనిషి తన క్రియాటినిన్ పోయిన సంక్రాంతికి ఎంత, ఇప్పుడెంత, తమ్ముడికెంత ఉన్నప్పుడు డయాలసిస్ మొదలుపెట్టారు అన్నది దశాంశాలతో సహా చెబుతాడు. ఏళ్లనాటి రిపోర్టులను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తేదీల వరుసలో దాచుకున్న ఇళ్లు అవి. ఆ మనిషికి “నీ పరీక్షలో ప్రోటీన్ లేదు, కానీ నీ ఊరికి, నీ పనికి ఈ పరీక్ష ఒక్కటి చాలదు, రక్తం కూడా ఇవ్వు” అని చెబితే అర్థమవుతుంది. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికే అతని తెలివిని తక్కువ చేస్తున్నాం.